తీగలు ఉడికించిన గిన్నె

గురువారం రాత్రి పదకొండున్నర, ఫర్వానియా.
అందరి కూరలూ దిగాక
నా నాలుగు తీగలు పొయ్యెక్కాయి.

బాస్ గిటార్ తీగలు చచ్చిపోతాయని
ఇక్కడికొచ్చేదాకా నాకు తెలీదు.
ఆగస్టు చెమట, షువైఖ్ షెడ్డు దుమ్ము,
గోళ్ళ సందుల్లో మిగిలిన పుట్టీ పొడి
చుట్టుకీ చుట్టుకీ మధ్య చేరి కూర్చుంటాయి.
ఆ తర్వాత తీగ మోగదు.
తడిసిన గోనెసంచిని కర్రతో కొట్టినట్టు
దబ్ మంటుంది, అంతే.
కొత్త సెట్టు తొమ్మిది దినార్లు,
అంటే పదిహేను రోజుల మెస్సు.
పది నిమిషాలు మరిగించి చూడు, లేచి కూర్చుంటాయన్నాడు
డ్రమ్ములు వాయించే రోడెల్.

"అబ్బులూ, అది అన్నం గిన్నెరా!"
నిద్రలోంచే వాసన పట్టారు కొండలరావు గారు.
మురికి నల్లగా పైకి తేలుతోంది.
నేను మంట తగ్గించలేదు.

హాల్లో పాస్టరు గారి మాట ఎప్పుడూ ఒకటే:
"బాస్ అంటే పునాది నాయనా,
పునాది బయటికి కనపడకూడదు."

నేను డెంటర్ని.
ల్యాండ్‌క్రూజర్ తలుపుల మీద సొట్టలు తీస్తాను.
ఎక్కడ కొట్టానో కనపడితే
ఆ పూట కూలి రాదు.
వారానికి ఆరు రోజులు కనపడకుండా కొడతాను.
శుక్రవారం ఒక్కరోజు
కొట్టింది కొట్టినట్టు వినపడాలి నాకు.

దానికి మెత్తటి వేలికొసలు పనికిరావు.
గడువు తీరిన సివిల్ ఐడీ మూల కత్తిరించి
పిక్ చేసుకున్నాను.
ఫోటోలో నా గడ్డం సగం ఇంకా దాని మీదే ఉంది.
మెడ దగ్గర మీటితే తీగ బుజ్జగిస్తుంది,
బ్రిడ్జి పక్కన, బిగుసుకుని ఉన్నచోట మీటితే
తిరగబడుతుంది.
టోన్ నాబు చివరిదాకా తిప్పెయ్యాలి.
ఆంప్ మీద బురద గొంతుని తోడేసి
రేకు చిరిగే గొంతుని పైకి లేపాలి.
డ్రైవ్ పెడల్ ఎంతంటే,
ఉల్లిపాయ అంచు మాడినంత.
ఇంక తీగల్ని ఫ్రెట్ల మీదికి దించేస్తే
గట్టిగా మీటినప్పుడల్లా
ఇనుము ఇనుముని కొరుకుతుంది.

నాలుగింటికి బేస్‌మెంట్ హాలు.
మొదటి దెబ్బ.
తాళాల గుత్తి గచ్చు మీద పడ్డట్టు,
దాని వెనకాలే
లోడు లారీ రివర్సు తీసినట్టు.
ప్లాస్టిక్ కుర్చీలు వణికాయి.
లీడ్ వాయించే ఆగ్నెలో చెవిలో వేలు పెట్టుకున్నాడు.
పాస్టరు గారు చెయ్యి కిందికి, ఇంకా కిందికి
ఊపుతున్నారు, బస్సు ఆపుతున్నట్టు.
సరే, నాబు మీద చెయ్యేశాను.

"ఉంచు," అంది సంపూర్ణ.

సుర్రాలో ఒక ఇంట్లో పని చేస్తుంది.
వారానికి రెండు గంటలు బయటికి వదుల్తారు,
అదీ డ్రైవరు గేటు దగ్గర కాపలా ఉంటే.
మైకు ఇన్నాళ్ళూ ఆమె చేతిలో
పగులుతుందేమోనన్న గాజు గ్లాసులా ఉండేది.
"వారమంతా గిన్నెకి గిన్నె తగలకుండా కడుగుతున్నా.
నువ్వలా కొట్టు తమ్ముడూ,
దాన్ని దాటి నేనూ అరుస్తా."

అరిచింది.
రెండు చోట్ల శ్రుతి తప్పింది,
ఒకచోట మాటే మర్చిపోయి
ఊరికే నోరు తెరిచి నిలబడి ఊపిరి పొడుగునా లాగింది.
కిందనుంచి నేను కొరుకుతూనే ఉన్నా.
రోడెల్ కర్ర ఒకటి విరిగింది.
ఆరు కాకుండానే బయట హారన్ మోగింది.
పాట సగంలో చెప్పులు వెతుక్కుంటూ వెళ్ళిపోయింది,
మైకు కుర్చీ మీద పెట్టి,
పెట్టిన చప్పుడు స్పీకర్లో ఠంగున మోగేలా.

ఉడికించిన తీగలకి ఆయుష్షు తక్కువ.
రాత్రికే మూడోది మళ్ళీ మూగబోయింది.

శనివారం మధ్యాహ్నం మెస్సులో
అన్నం ఇనుప వాసనేస్తోందని గొడవ.
కొండలరావు గారు గరిటె పట్టుకుని
సరిగ్గా నా కంచం ముందు ఆగారు.
నేను రెండోసారి పెట్టించుకున్నాను.